ఎంటర్ కొట్టకముందే చెప్పాల్సిన మాట: ఆర్ లాంగ్వేజ్, కమాండ్ లైన్ కథ

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తాను. వాట్సాప్‌లో మీకు ఎవరో ఒకరు "1 నిమిషం 30 సెకన్ల దగ్గర్నుంచి చూడు, భలే ఉంటుంది" అని యూట్యూబ్ లింక్ పంపే ఉంటారు. ఆ లింక్‌ని నొక్కకండి, ఊరికే చదవండి. చివర్లో టీ అనే ఇంగ్లీషు అక్షరం, సమానం గుర్తు, 90 అనే అంకె కనిపిస్తాయి. ఆ 90 లేకపోతే వీడియో మొదటి నుంచి వస్తుంది. ఉంటే 90వ సెకను దగ్గర తెరుచుకుంటుంది. అంటే వీడియో ఇంకా మొదలు కాకముందే మీ ఫ్రెండ్ దానికి ఒక మాట చెప్పి పంపాడన్నమాట.

ఇవాళ్టి కథ ఆ ముందుగా చెప్పే మాట గురించే. కాకపోతే యూట్యూబ్‌లో కాదు, ఆర్ అనే లాంగ్వేజ్‌లో. సర్వేలు, జన్యువుల డేటా, మందుల ట్రయల్స్, ఇలాంటి వాటి మీద లెక్కలు కట్టేవాళ్ళు వాడే స్టాటిస్టిక్స్ భాష అది. పేరు ఒక్క ఇంగ్లీషు అక్షరం, అంతే. ఆ ఆర్‌కి "ఇదిగో, ఈ ఫైల్ తీసుకో, ఈ సంవత్సరం లెక్క చెయ్యి" అని ముందే చెప్పి పంపడం ఎలా? ఇంత చిన్న ప్రశ్న. దీనికి సుఖమైన జవాబు దొరకడానికి, ఆర్ పుట్టిన వంశం మొత్తం లెక్కేస్తే, దాదాపు 30 ఏళ్ళు పట్టింది. ఎందుకు పట్టిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముందు ఒక పోలిక చెప్తాను, ఎపిసోడ్ అంతా పనికొస్తుంది. కిరాణా కొట్టులో సరుకులు తేవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, మీరే వెళ్ళి నిలబడటం. "కందిపప్పు ఎంతండీ? ఆ రకం వద్దు, ఇంకోటి చూపించండి. సరే, అరకిలో చాలు." కొట్టువాడు ఒకటి చెప్తాడు, అది విని మీరు ఇంకోటి అడుగుతారు. రెండోది, అమ్మ చీటీ రాసి పిల్లాడి చేతికిచ్చి పంపడం. చీటీలో ఏముంటే అదే వస్తుంది. మధ్యలో అడగడాలు లేవు. పిల్లాడు వెళ్ళాక అమ్మ తన పని తాను చూసుకుంటుంది.

కంప్యూటర్‌తో కూడా ఇంతే. ఎదురుగా కూర్చుని మాట్లాడటం ఒక పద్ధతి, చీటీ ఇచ్చి పంపడం ఇంకో పద్ధతి. ఆ చీటీలో రాసే మాటల్నే కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్లు అంటారు. నల్ల స్క్రీన్ మీద ప్రోగ్రామ్ పేరు కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, ఆ పక్కన మీరు రాసేదంతా చీటీయే.

ఆర్గ్యుమెంట్ అంటే మనకి గొడవ అని కదా అర్థం, ఇక్కడ గొడవేమీ లేదు. ఈ మాట ఖగోళశాస్త్రం నుంచి వచ్చింది. మధ్యయుగాల్లో యూరప్ జ్యోతిర్గణితజ్ఞులు గ్రహస్థితులు కనుక్కోవడానికి పెద్ద పెద్ద పట్టికలు వాడేవారు. ఏ విలువ పట్టుకుని పట్టికలోకి వెళ్ళాలో, ఆ విలువ పేరు ఆర్గ్యుమెంట్. అక్కడి నుంచి గణితంలోకి, గణితం నుంచి కంప్యూటర్లలోకి వచ్చింది.

సరే, చరిత్రకి వద్దాం.

మొదట్లో కంప్యూటర్‌తో ఎదురుగా మాట్లాడే అవకాశమే లేదు. చిల్లులు కొట్టిన కార్డుల కట్ట తీసుకెళ్ళి ఆపరేటర్‌కి ఇవ్వాలి, ఫలితం కోసం గంటలు గంటలు, ఒక్కోసారి మర్నాటి దాకా ఆగాలి. అంటే అంతా చీటీ పద్ధతే. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్ 360 యంత్రాల్లో ప్రోగ్రామ్‌కి ముందుమాట చెప్పడానికి పార్మ్ అని ఒక చోటుండేది. అందులో 100 అక్షరాలు మించి పట్టేవి కావు. ఇప్పుడు మీరు పెట్టే వాట్సాప్ స్టేటస్ కూడా అందులో పట్టదేమో!

అదే కాలంలో అమెరికాలోని ఎంఐటీలో, ఒకే కంప్యూటర్‌ని చాలామంది టైప్‌రైటర్ లాంటి యంత్రాల ముందు కూర్చుని ఒకేసారి వాడుకునే సిస్టమ్ తయారైంది. అక్కడ లూయీ పూజాన్ అనే ఫ్రెంచి ఇంజనీరుకి ఒక విసుగు వచ్చింది. రోజూ అవే కమాండ్లు, అదే వరసలో, చేత్తో కొట్టడం ఏమిటి? అందుకని ఆయన రన్‌కామ్ అని ఒకటి రాశాడు. కమాండ్లన్నీ ఒక ఫైల్‌లో రాసిపెట్టుకుంటే అది వరసగా నడిపించేది. అసలు గొప్ప ఏంటంటే, ఆ ఫైల్‌లో ఖాళీలు వదిలి, నడిపేటప్పుడు వాటిలో ఏం నింపాలో చెప్పొచ్చు. లైనక్స్ వాడేవాళ్ళు సెట్టింగ్స్ ఫైళ్ళ పేర్ల చివర ఆర్‌సీ అనే రెండక్షరాలు చూస్తుంటారు కదా, అవి ఈ రన్‌కామ్ గుర్తులే. షెల్ అన్న పేరు పెట్టింది కూడా పూజానే.

1969లో న్యూజెర్సీలోని ముర్రే హిల్‌లో, బెల్ ల్యాబ్స్‌లో, కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యునిక్స్ మొదలుపెట్టారు. చీటీ పద్ధతి అక్కడ ఒక సంస్కృతి అయిపోయింది. ఎందుకంటే వాళ్ళ ఎదుట ఉన్నది స్క్రీన్ కాదు, టెలిటైప్. సెకనుకి 10 అక్షరాలు కాగితం మీద టకటకా కొట్టే యంత్రం. ప్రోగ్రామ్ ప్రతిసారీ "మీ పేరేంటి, ఏ ఫైల్ కావాలి, నిజంగానే చెరిపేయాలా" అని అడుగుతూ కూర్చుంటే ఆ కాగితం మీద తెల్లవారిపోతుంది. అందుకే యునిక్స్ కమాండ్ల పేర్లు రెండు మూడు అక్షరాలు, చీటీ కూడా పొట్టి. రిచీ తయారు చేసిన సి భాషలో ప్రతి ప్రోగ్రామ్ మొదలయ్యే చోటే ఆ చీటీ అందుతుంది. ఎన్ని మాటలున్నాయో చెప్పే ఆర్గ్‌సీ, ఆ మాటల వరస ఆర్గ్‌వీ. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో సి చదివినవాళ్ళందరికీ ఈ రెండు పేర్లు గుర్తుండే ఉంటాయి. ల్యాబ్ రికార్డులో రాసి, ఎందుకో తెలియకుండానే మార్కులు వేయించుకున్న పేర్లు అవి.

ఇప్పుడు అసలు మలుపు. యునిక్స్ పుట్టిన అదే ముర్రే హిల్‌లో స్టాటిస్టిక్స్ విభాగం ఉండేది. వాళ్ళ బాధ సరిగ్గా వ్యతిరేకం. వాళ్ళ దగ్గర ఫోర్ట్రాన్‌లో రాసిన మంచి లెక్కల లైబ్రరీ ఉంది. కానీ డేటాకి ఒక చిన్న గీత గీసి చూడాలన్నా ఒక ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్ రాయాలి, పంపాలి, ఫలితం కోసం చూడాలి. డేటాని పరిశీలించడం అలా జరిగే పని కాదు. మొదటి గ్రాఫ్ చూస్తేనే రెండో ప్రశ్న పుడుతుంది. కొట్టువాడు పప్పు చూపిస్తేనే కదా "ఇది పుచ్చింది, వేరేది చూపించు" అంటాం.

అందుకే 1976 మే 5న జాన్ ఛాంబర్స్, రిక్ బెకర్, ఇంకొందరు ఒక గదిలో కూర్చుని కొత్త సిస్టమ్ గురించి మాట్లాడుకున్నారు. దాన్నించి పుట్టిందే ఎస్ అనే భాష. స్టాటిస్టిక్స్‌లో ఎస్ ఉంది, పక్కనే సి అనే ఒంటక్షరం భాష ఉంది, అందుకని ఎస్. మొదట హనీవెల్ యంత్రం మీద నడిచింది, తర్వాత కొన్నేళ్ళకి యునిక్స్ మీదకి మారింది. దాని ప్రాణమంతా సంభాషణలో ఉంది. మీరు ఒక లైన్ కొడతారు, అది జవాబిస్తుంది, ఆ జవాబు చూసి మీరు ఇంకో లైన్ కొడతారు. చీటీ పద్ధతి నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఇల్లు అది. అందులో చీటీ తీసుకునే కిటికీ సరిగ్గా పెట్టలేదని ఇప్పుడు మనం తప్పు పట్టలేం. ఈ పనికే 1998లో ఛాంబర్స్‌కి ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు ఇచ్చారు.

ఇక ఆర్. 1990ల మొదట్లో, న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు పంతుళ్ళు. పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పాలి. ల్యాబ్‌లో ఉన్నవి మెకింటాష్ కంప్యూటర్లు. వాటి మీద నడిచే తగిన సాఫ్ట్‌వేర్ బజార్లో దొరకలేదు. సరదాగా మొదలుపెట్టి, ఎస్ భాషలా కనిపించేదాన్ని వాళ్ళే రాసుకున్నారు. ఇద్దరి పేర్లూ ఆర్‌తో మొదలవుతాయి, అదొక కారణం ఆ పేరుకి. ఎస్‌కి అక్షరమాలలో ముందుండేది ఆర్ అన్నది రెండో చమత్కారం.

ఇక్కడ నాకు భలే అనిపించే విషయం ఒకటుంది. ఆ రోజుల మెకింటాష్‌లో మామూలు వాడకందారుకి కమాండ్ లైన్ అనేదే లేదు. అంతా మౌస్, బొమ్మలు, మెనూలు. అంటే ఏ ల్యాబ్ కోసం ఆర్ పుట్టిందో అక్కడి యంత్రాల్లో చీటీ ఇవ్వడానికి చోటే లేదు. తాతగారు ఎస్ సంభాషణ కోసం పుట్టాడు, మనవడు తరగతి గదిలో పుట్టాడు. ఇద్దరూ ఎదురుగా మనిషి కూర్చుని ఉంటాడనే నమ్మారు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. 1995లో, జ్యూరిక్ నుంచి మార్టిన్ మెఖ్లర్ అనే స్టాటిస్టిక్స్ మనిషి నచ్చజెప్పడంతో, ఆర్‌ని ఉచిత సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేశారు. 1997లో కోర్ టీమ్ ఏర్పడింది, ప్యాకేజీలు దొరికే క్రాన్ వెబ్‌సైట్ వియన్నాలో మొదలైంది. 2000 ఫిబ్రవరి 29న, నాలుగేళ్ళకోసారి వచ్చే తేదీ చూసి మరీ, 1.0.0 వెర్షన్ వచ్చింది.

ఒక్క నిమిషం, ఇక్కడ చిన్న పక్కదారి. చీటీ ఆర్గ్యుమెంట్ ఒకటి, ఫంక్షన్ ఆర్గ్యుమెంట్ ఒకటి. ప్రోగ్రామ్ లోపల ఒక ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు బ్రాకెట్లలో ఇచ్చేవి ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లు. ఆర్‌లో రెండు మోడళ్ళని పోల్చే అనోవా అనే ఫంక్షన్‌కి, ఏ పరీక్ష వాడాలో చెప్పే చోట రావ్ అని కొట్టొచ్చు. మన సి.ఆర్. రావు గారే! కల్యంపూడి రాధాకృష్ణ రావు. విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళిన మనిషి. 1948లో ఆయన ప్రతిపాదించిన స్కోర్ టెస్ట్ అది. ప్రపంచంలో ఎక్కడ కూర్చుని ఆ పరీక్ష అడిగినా ఒక తెలుగు ఇంటిపేరులాంటి మాట టైప్ చేయాల్సిందే. నాకిది తెలిసిన రోజు ఆఫీసులో పక్కనున్న నలుగురికీ చెప్పాను, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అందుకే మీకు చెప్తున్నాను.

దారిలోకి వద్దాం. 2000 తర్వాత ఏమైంది? మానవ జీనోమ్ డేటా వచ్చిపడింది. 2001లో జెంటిల్‌మన్ మొదలుపెట్టిన బయోకండక్టర్ ప్రాజెక్టుతో జీవశాస్త్రం వాళ్ళు ఆర్‌లోకి గుంపులుగా వచ్చారు. వాళ్ళకి ఒకే లెక్క 500 శాంపిళ్ళ మీద చేయాలి. యూనివర్సిటీలో వందల కంప్యూటర్లు కలిపిన క్లస్టర్ ఉంది, రాత్రిపూట అందులో వదిలేస్తే తెల్లారేసరికి అయిపోవాలి. ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి ఇక్కడ లేడు. 500 సార్లు కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది? ఇక చీటీ తప్పదు.

మొదట్లో జనం పడిన పాట్లు చూడాలి. ఆర్‌కి బ్యాచ్ అనే ఒక పద్ధతి ఎస్ రోజుల నుంచీ వచ్చింది. స్క్రిప్ట్ ఫైల్ ఇస్తే నడిపి, వచ్చిందంతా ఇంకో ఫైల్‌లో పోస్తుంది. కానీ స్క్రిప్ట్‌కి "ఈసారి 37వ శాంపిల్" అని చెప్పడం ఎలా? కొందరు స్క్రిప్ట్‌ని 500 కాపీలు తీసి, ఒక్కో దాంట్లో ఒక్క అంకె మార్చేవారు. ఒక తప్పు దొరికితే 500 చోట్ల దిద్దాలి. కొందరు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అనే దొడ్డిదారి పట్టారు. అంటే చీటీ చేతికివ్వకుండా గోడమీద రాసిపెట్టి, పిల్లాడు చూసుకుంటాడులే అనుకోవడం.

ఇంకొందరు స్క్రిప్ట్ మధ్యలో రీడ్‌లైన్ అనే ఫంక్షన్ పెట్టి "ఏ ఫైల్ కావాలి?" అని అడిగించేవారు. కూర్చుని నడిపితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మనిషి లేకుండా నడిపితే? అది ఆగదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఎవరో ఖాళీగా ఎంటర్ కొట్టారని అనుకుని ముందుకెళ్ళిపోతుంది. డాక్యుమెంటేషన్‌లో ఆ మాట రాసే ఉంది, చదివేదెవరు? ఈ రోజుకీ కొత్తవాళ్ళు ఎక్కువగా పడే గొయ్యి ఇదే.

నిజానికి ఆర్ లోపల చీటీ చదివే ఫంక్షన్ ఒకటుంది. కమాండ్‌ఆర్గ్స్ దాని పేరు. పిలిస్తే ఆర్ మొదలైనప్పుడు అందిన మాటలన్నీ వరసగా ఇస్తుంది. చిక్కేంటంటే, నిజంగానే అన్నీ ఇస్తుంది. ఆర్ ప్రోగ్రామ్ ఎక్కడుందో ఆ దారి, తెర మీద అనవసరంగా చూపించొద్దన్న ఆప్షన్, పాత సెషన్ తెరవొద్దన్న ఆప్షన్, స్క్రిప్ట్ పేరు, అన్నిటి తర్వాత చివర్లో మీ మాట. అమ్మ చీటీ అడిగితే కొట్టు లైసెన్సు కాగితాలతో సహా చేతిలో పెట్టినట్టు. వాటి మధ్య గోడలా ఉండేది రెండు అడ్డగీతలు పెట్టి రాసే ఆర్గ్స్ అనే మాట. దాని తర్వాత ఏమున్నా ఆర్ తనది కాదనుకుని వదిలేస్తుంది. జనం ఆ గోడ ఎక్కడుందో వెతికి, తర్వాతి ముక్క కోసుకునే కోడ్ ఎవరికి వారు రాసుకునేవారు.

ఇందాక చెప్పిన "చూపించొద్దు" ఆప్షన్ పాత పేరు స్లేవ్, అంటే బానిస. 2020లో వచ్చిన 4.0.0 వెర్షన్‌లో ఆ పేరు తీసేసి నో-ఎకో అని పెట్టారు. ఎవరి చీటీలోనో కూర్చుని ఏళ్ళ తరబడి కనిపించిన మాట అది, పోయింది, మంచిదే.

ఇంకో అడ్డంకి కూడా ఉండేది. యునిక్స్‌లో స్క్రిప్ట్ ఫైల్ మొదటి లైన్‌లో హ్యాష్ గుర్తు, ఆశ్చర్యార్థకం పెట్టి, "నన్ను ఫలానా ప్రోగ్రామ్‌తో నడుపు" అని రాసే సౌకర్యం 1980 ప్రాంతంలో డెన్నిస్ రిచీ తెచ్చాడు. పెర్ల్, పైథాన్ వాళ్ళు హాయిగా వాడుకున్నారు. ఆర్ వాళ్ళు వాడుకోలేకపోయారు. కారణం, మనం ఆర్ అని కొట్టినప్పుడు మొదట నడిచేది అసలు ఆర్ కాదు, ఒక షెల్ స్క్రిప్ట్. అది వాకిట్లో నిలబడి దారులూ సెట్టింగులూ సర్ది, తర్వాత లోపలున్న అసలు ఆర్‌ని లేపుతుంది. స్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామే ఇంకో స్క్రిప్ట్ అయితే అప్పటి సిస్టమ్‌లు చాలావరకు ఒప్పుకునేవి కావు.

2006లో జెఫ్రీ హార్నర్, డర్క్ ఎడెల్‌బుటెల్ అనే ఇద్దరు ఓపిక నశించి లిటిలర్ అని ఒకటి రాశారు. కమాండ్ పేరు చిన్న ఆర్. పెద్దక్షరం ఆర్ అయితే కూర్చుని మాట్లాడటానికి, చిన్నక్షరం ఆర్ అయితే చీటీ ఇచ్చి పంపడానికి. అందమైన ఆలోచన. మ్యాక్‌లో మాత్రం తుస్సుమంది. మామూలుగా మ్యాక్ ఫైల్ సిస్టమ్‌కి చిన్నక్షరం, పెద్దక్షరం ఒకటే కాబట్టి, అక్కడ దాన్ని ఎల్-ఆర్ అని పిలవాల్సి వచ్చింది.

మరుసటి ఏడాది, 2007 ఏప్రిల్‌లో, 2.5.0 వెర్షన్‌తో పాటు ఆర్ కోర్ టీమే ఆర్‌స్క్రిప్ట్ అనే కమాండ్ ఇచ్చింది. ఇది షెల్ స్క్రిప్ట్ కాదు, సి లో రాసిన చిన్న ప్రోగ్రామ్. మీరు స్క్రిప్ట్ పేరు, పక్కన మీ మాటలు కొడితే చాలు, ఆ గోడని సరైన చోట అదే కట్టి ఆర్‌ని లేపుతుంది. కమాండ్‌ఆర్గ్స్‌కి ట్రెయిలింగ్ ఓన్లీ అనే సౌకర్యం కూడా చేరింది. అంటే "నా చీటీ మాత్రమే ఇవ్వు, నీ లైసెన్సు కాగితాలొద్దు" అని అడగొచ్చు. 1976లో ఎస్ కోసం ఆ గదిలో కూర్చున్న రోజు నుంచి లెక్కేస్తే 31 ఏళ్ళు.

అయినా పాత ఇంటి పగుళ్ళు పూర్తిగా పోలేదు. వాకిట్లో ఆ షెల్ స్క్రిప్ట్ ఇంకా ఉంది కదా. మీరు మీ స్క్రిప్ట్ కోసం చీటీలో ఒక అడ్డగీత, జి అక్షరం అని ఆప్షన్ పెట్టుకున్నారనుకోండి, జిల్లా పేరు కోసమే అనుకోండి. వాకిట్లో ఉన్నవాడు దాన్ని తనదే అనుకుని, "ఇలాంటి గ్రాఫిక్స్ విండో నాకు తెలీదు" అని వార్నింగ్ ఇచ్చేవాడు. ఎన్నో ఏళ్ళు ఇది జనాన్ని తికమకపెట్టింది. ఆప్షన్లు చదివే ప్యాకేజీలు రాసినవాళ్ళు "జి వాడకండి బాబూ" అని తమ డాక్యుమెంటేషన్‌లో రాసుకోవాల్సి వచ్చింది.

ఇంతవరకూ చెప్పినవి ఇబ్బందులు. ఇప్పుడు ప్రమాదం చెప్తాను, ఇది నాకే జరిగింది. నేను పనిచేసిన ఒక చోట, పేరు అనవసరం, ఆరోగ్య సర్వే డేటా ఉండేది. వందల ఊళ్ళు. ఒక్కో ఊళ్ళో ఎన్ని ఇళ్ళు జవాబిచ్చాయో ఒక కాలమ్. 100 ఇళ్ళ కన్నా తక్కువ జవాబిచ్చిన ఊళ్ళని తీసేసి, మిగిలిన ఊళ్ళలో ఎక్కడ పిల్లల్లో రక్తహీనత ఎక్కువుందో వరస పెట్టాలి. ఆ వరస చూసి మందుల పెట్టెలు ముందు ఎక్కడికి పంపాలో నిర్ణయిస్తారు. నేను స్క్రిప్ట్ రాశాను. ఆ 100 అన్న హద్దు రేపు 50 అవ్వొచ్చు కదా అని తెలివిగా చీటీలో పెట్టాను. రాత్రి నడిపాను, ఎర్రర్ ఒక్కటీ లేదు, పొద్దున్నే పంపేశాను.

మధ్యాహ్నం ఫీల్డ్ నుంచి ఒక మేడమ్ ఫోన్ చేశారు. "బాబూ, లిస్టులో మొదటి ఊరు నాకు తెలుసు. అక్కడ 12 ఇళ్ళే దొరికాయి మాకు. 100 దాటినవే అన్నావుగా?" అని.

గంటసేపు తల పట్టుకున్నాక అర్థమైంది. చీటీలో రాసిందేదైనా ఆర్‌కి అక్షరాలుగానే చేరుతుంది. 100 అని కొడితే వచ్చేది వంద అనే సంఖ్య కాదు, ఒకటి, సున్నా, సున్నా అనే మూడు అక్షరాలు. దానికి 1 కలపమంటే ఆర్ వెంటనే ఎర్రర్ ఇస్తుంది, అప్పుడు దొరికిపోయేది. కానీ నేను పోల్చమన్నాను. సంఖ్యని అక్షరాలతో పోల్చమంటే ఆర్ గొడవపెట్టుకోదు. మర్యాదగా సంఖ్యని కూడా అక్షరాలుగా మార్చేసి, డిక్షనరీలో మాటలు పేర్చినట్టు పోలుస్తుంది. డిక్షనరీ వరసలో 12 ఎక్కడుంటుంది? మొదటి అక్షరం 1, రెండూ సమానం. రెండో అక్షరం ఇక్కడ 2, అక్కడ 0. కాబట్టి 12 పెద్దది! 25 పెద్దది, 9 పెద్దది, 99 పెద్దది. 100 కన్నా తక్కువున్నవన్నీ తీసెయ్యమంటే అది తీసింది 0, 1, 10 అన్న మూడింటినే. ఇదే తప్పు పైథాన్ 3లో చేస్తే ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. ఆర్ ఆగలేదు.

12 ఇళ్ళున్న ఊళ్ళో 8 మందికి రక్తహీనత ఉంటే శాతం ఆకాశానికంటుతుంది. నా లిస్టు పైభాగమంతా అలాంటి చిన్న శాంపిళ్ళే. 300 ఇళ్ళు జవాబిచ్చి, నిజంగా అవసరమున్న పెద్ద ఊళ్ళు కిందికి జారిపోయాయి. ఆ మేడమ్ ఫోన్ చేయకపోతే పెట్టెలు వేరే దారిన వెళ్ళేవి. దిద్దడానికి పట్టింది ఒక్క మాట: చీటీ అందగానే యాజ్ న్యూమరిక్ అని పెట్టి, అక్షరాల్ని సంఖ్యగా మార్చడం. దాని పక్కన, అది సంఖ్య కాకపోతే ఆగిపో అని ఇంకో లైన్.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. తప్పు అంత తొందరగా దొరకడానికి కారణం కూడా చీటీయే. రాత్రి ఏ స్క్రిప్ట్, ఏ ఫైల్, ఏ హద్దుతో నడిపానో మొత్తం ఒకే లైన్‌గా లాగ్‌లో ఉంది. అదే నేను కూర్చుని, నాలుగు మెనూలు నొక్కి, మధ్యలో ఏదో మార్చి చేసుంటే "ఏమో మేడమ్, సరిగ్గానే చేశాననుకుంటా" అనేవాణ్ణి.

అలా రికార్డు లేకపోతే ఏమవుతుందో చూపించే పెద్ద ఉదంతం అమెరికాలో జరిగింది. 2006లో డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు, కణితిలోని జన్యువుల డేటా చూసి ఏ క్యాన్సర్ రోగికి ఏ మందు పనిచేస్తుందో చెప్పొచ్చని పేపర్ ప్రచురించారు. 2007లో ఆ పద్ధతితో రోగుల మీద ట్రయల్స్ మొదలయ్యాయి. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో కీత్ బ్యాగర్లీ, కెవిన్ కూంబ్స్ అనే ఇద్దరు, అదే లెక్క తామూ చేసి చూద్దామని కూర్చున్నారు. రావట్లేదు. డేటా ఉంది, సాఫ్ట్‌వేర్ ఉంది, కానీ దేన్ని ఎలా లోపలికి పంపారో రాసిన చీటీ లేదు. చివరికి వచ్చిన ఫలితాల నుంచి వెనక్కి నడుచుకుంటూ, డిటెక్టివ్‌ల్లా తవ్వారు. దొరికిన తప్పుల్లో ఒకటి వింటే నవ్వాలో ఏడవాలో తెలీదు. జన్యువుల జాబితా మొత్తం ఒక్క వరస కిందికి జారింది. పేర్లు ఒక వరసలో, విలువలు పక్క వరసలో. హెడర్ లైన్ లేని ఫైల్ కావాలనుకునే సాఫ్ట్‌వేర్‌కి హెడర్ ఉన్న ఫైల్ ఇస్తే ఏమవుతుందో, అదే.

ఆ ఇద్దరూ 2009లో తమ తవ్వకమంతా ప్రచురించారు. తమ లెక్కల్ని ఆర్‌లో, ఎవరైనా మళ్ళీ నడిపి చూసుకునేలా పెట్టారు. ట్రయల్స్ 2010లో పూర్తిగా ఆగాయి, పేపర్‌ని 2011లో వెనక్కి తీసుకున్నారు. ఒక్క వరస జారడమే కారణమని నేననట్లేదు, ఆ వ్యవహారంలో అంతకన్నా ఘోరమైనవి బయటపడ్డాయి. కానీ అవి బయటపడటానికి అన్నేళ్ళు పట్టడానికి, లెక్క ఎలా చేశారో ఎక్కడా రాసి లేకపోవడం ఒక పెద్ద కారణం.

ఇప్పుడు పరిస్థితి బాగుంది. పైథాన్‌లో ఉన్నదాన్ని చూసి ఆర్‌లో రాసిన ఆప్ట్‌పార్స్ లాంటి ప్యాకేజీలున్నాయి. ఫలానా ఆప్షన్ సంఖ్య, ఫలానాది ఫైల్ పేరు అని ముందే చెప్పిపెడితే, అది చీటీ చదివి, సంఖ్యని సంఖ్యగా మార్చి చేతికిస్తుంది. హెల్ప్ అని అడిగితే చీటీ ఎలా రాయాలో కూడా చెప్తుంది. నేను మాత్రం ఆ మధ్యాహ్నం తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. ప్యాకేజీ వాడినా వాడకపోయినా, స్క్రిప్ట్ చేసే మొదటి పని తనకందిన చీటీని, పక్కనే ఏ మాట సంఖ్య, ఏ మాట అక్షరాలు అన్నది కూడా కలిపి, ఫలితం ఫైల్ పైన రాయడం. ఫోన్ చేసిన ఆ మేడమ్‌కి ఇప్పుడు నేను లిస్టు పంపినప్పుడల్లా మొదటి లైన్ అదే ఉంటుంది. ఆవిడ ముందు అదే చదువుతారట.

వచ్చే ఎపిసోడ్‌లో పైప్ గురించి. 1973లో డగ్ మెకిల్రాయ్ పట్టుబట్టి యునిక్స్‌లో పెట్టించిన ఆ నిలువు గీత, 2021లో ఆర్ లోపలికి ఎలా వచ్చిందో చూద్దాం. ఉంటాను.